ధర్మం ఎక్కడుంటుంది?

రసాయన శాస్త్రాన్ని తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్ళని 'ధర్మం' అనే మాట భయపెట్టదు. నీటి ధర్మాలు, లోహాల ధర్మాలు, కర్బన సమ్మేళనాల భౌతిక ధర్మాలు అంటూ పేజీలకి పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళు వాళ్ళు. తెలుగు సాహిత్యం చదువుకున్న నాకు మాత్రం ఆ మాట ఒంటరిగా కనిపించింది తక్కువ. దాని పక్కన 'స్త్రీ' ఉండేది, 'గృహస్థ' ఉండేది, 'కుల' ఉండేది. ప్రబంధ నాయికల మీద పరిశోధన చేసిన ఆరేళ్ళూ ఆ మాటతోనే కుస్తీ పట్టాను. ఓర్పు ఆడదాని ధర్మం, త్యాగం ఆడదాని ధర్మం, లజ్జ ఆడదాని ధర్మం. ఎందుకని అడిగితే అది ఆమె స్వభావం అంటారు. స్వభావం ఎక్కణ్ణించి వచ్చిందంటే పుట్టుకతో అంటారు. అక్కడితో ప్రశ్న ఆగిపోతుంది.

రసాయన శాస్త్రంలో ప్రశ్న సరిగ్గా అక్కడే మొదలవుతుందని నాకు చెప్పింది మా అక్క. ఇంటర్మీడియట్ కెమిస్ట్రీలో 'ఘనస్థితి' అనే పాఠం ఉంటుంది. ఆ పాఠమంతా ఒక్క మాట మీద నిలబడి ఉంటుంది. పదార్థం ధర్మం దాని నిర్మాణంలో ఉంటుంది. ఉప్పు ఎందుకు పెళుసుగా ఉంటుంది, రాగి తీగ విరగకుండా ఎందుకు వంగుతుంది, గాజుకి నికరమైన ద్రవీభవన స్థానం ఎందుకు లేదు, ఇలాంటి ప్రశ్నలకి 'దాని స్వభావం అంతే' అని రాస్తే సున్నా మార్కులు. లోపల ఏది దేని పక్కన ఉంది, ఎంత దూరంలో ఉంది, ఎన్ని బంధాలతో ఉంది, అది చెప్పాలి.

మా అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. ఎం.ఎస్సీ. చేసి హైదరాబాద్ శివార్లలో ఒక మందుల కంపెనీ లాబ్‌లో ఏడేళ్ళు పనిచేసింది. ఇప్పుడు మా ఊళ్ళోనే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతోంది. మా ఇద్దరి గురించీ బంధువులు ఏనాడో తీర్పు చెప్పేశారు. పెద్దది మెత్తనిది, సర్దుకుపోతుంది. చిన్నది గట్టిపిండం, అనుకున్నది సాధిస్తుంది. ఒక పెళ్ళిలో మా మేనత్త "ఒక్క కడుపున పుట్టి ఇంత తేడా ఏమిటే!" అని ఆశ్చర్యపోతే అక్క నవ్వి, "కార్బన్ ఒకటే అత్తయ్యా, వజ్రమూ అదే, పెన్సిల్లో నలుపూ అదే" అంది. అత్తయ్యకి అర్థం కాలేదు. నాకూ అప్పుడు సగమే అర్థమైంది.

మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో రాజులు వెతికించుకున్న వజ్రం అంతా కార్బన్. పిల్లలు చెక్కి పారేసే పెన్సిల్లో ఉండే గ్రాఫైటూ కార్బనే. వజ్రంలో ప్రతి పరమాణువూ నాలుగు వైపులా నాలుగు పరమాణువులతో ముడిపడి ఉంటుంది. ఎటు లాగినా పట్టు ఉంటుంది కాబట్టి అది అంత గట్టిది. గ్రాఫైట్‌లో ప్రతి పరమాణువూ మూడింటితోనే ముడిపడి పలచటి పొరలుగా పరుచుకుంటుంది. పొరలో పట్టు గట్టిదే. పొరకీ పొరకీ మధ్య పట్టు మాత్రం బలహీనం. అందుకే కాగితం మీద రుద్దితే పొరలు జారిపోతాయి, అక్షరమై మిగులుతాయి. ఇంకో సంగతి కూడా ఉంది. బంధంలో చిక్కుకోని ఆ నాలుగో ఎలక్ట్రాన్ పొర అంతటా తిరుగుతుంది. అందుకే గ్రాఫైట్ గుండా కరెంటు పోతుంది, వజ్రం గుండా పోదు. మెత్తదనాన్ని బలహీనత అనే అలవాటున్న మనకి ఇది కాస్త ఆగి చూడవలసిన విషయం.

ఇవన్నీ మొదట ఊహలే. 1912లో స్ఫటికం గుండా ఎక్స్ కిరణాలు పంపితే అవి చెదిరి మచ్చల వరసలుగా పడతాయని తెలిశాక, ఆ మచ్చల నుంచి లోపలి అమరికని లెక్కగట్టడం మొదలైంది. 1913లో బ్రాగ్ తండ్రీకొడుకులు వజ్రం నిర్మాణాన్ని చెప్పారు. ఆ తర్వాత ఈ రంగంలోకి ఆడవాళ్ళు చెప్పుకోదగ్గ సంఖ్యలో వచ్చారు. 'స్త్రీలకి ఓపిక ఎక్కువ, కూర్చుని లెక్కలు చేస్తారు' అని దానికి చెప్పే కారణం చాలాచోట్ల చదివాను. మళ్ళీ స్వభావమే! పెద్ద బ్రాగ్ తన లాబ్‌లోకి ఆడపిల్లల్ని రానిచ్చాడు. అమరికలో ఒక తలుపు తెరుచుకుంది. ఓపిక సంగతి ఆ తర్వాత.

అలా లోపలికి వెళ్ళిన ఒకావిడ కాథ్లీన్ లాన్స్‌డేల్. ఐర్లండ్‌లో 1903లో పుట్టింది, పదిమంది పిల్లల్లో చివరిది. బెంజీన్ వలయం చదునుగా ఉంటుందా, మెలికలు తిరిగి ఉంటుందా అని రసాయన శాస్త్రవేత్తలు దశాబ్దాల తరబడి వాదించుకున్నారు. లీడ్స్‌లో ఉండగా హెక్సామీథైల్ బెంజీన్ స్ఫటికాల మీద పనిచేసి, అది చదునైన షడ్భుజి అని 1929లో తేల్చింది ఆవిడే. ఆ ఏడాదే మొదటి బిడ్డ పుట్టింది. తర్వాత కొంతకాలం ఇంట్లోనే కూర్చుని, చేత్తో లెక్కలు వేస్తూ పని సాగించింది. ఆవిణ్ణి మళ్ళీ లాబ్‌కి రప్పించడానికి బ్రాగ్ మొదట చేసింది ఇంటిపనికి మనిషిని పెట్టుకునేందుకు డబ్బు ఏర్పాటు చేయడం. భర్త థామస్ తాను పెళ్ళి చేసుకున్నది జీతం లేని పనిమనిషి కోసం కాదని ముందే చెప్పాడట. 1660లో పుట్టిన రాయల్ సొసైటీ 285 ఏళ్ళ తర్వాత, 1945లో, మొదటిసారి ఇద్దరు స్త్రీలని సభ్యులుగా తీసుకుంది. ఒకరు జీవరసాయన శాస్త్రవేత్త మార్జరీ స్టీఫెన్సన్, రెండోవారు లాన్స్‌డేల్. ఉల్కాశకలంలో దొరికిన మరో రకం కార్బన్‌కి, వజ్రం లాంటిదే కానీ అమరిక వేరైన దానికి, 1967లో లాన్స్‌డేలైట్ అని పేరు పెట్టారు.

ఆవిడ మేధని తక్కువ చేయడానికి కాదు ఇంటిపని మనిషి జీతం సంగతి చెప్పింది. ఆవిడ జీవితచరిత్రలో బెంజీన్ ఎంత ముఖ్యమో ఆ డబ్బూ అంత ముఖ్యం అని.

ఇలాంటి అమరిక దొరకని వాళ్ళ సంగతి? అంత దూరం పోనక్కర్లేదు. మన దేశంలో ప్రొటీన్ల మడతల మీద, చిన్న పెప్టైడ్‌లు తమంతట తాము చేరి గొట్టాలుగా, గొలుసులుగా ఏర్పడే తీరు మీద ఎంతో పనిచేసిన దర్శన్ రంగనాథన్ తన చివరి ఏళ్ళు హైదరాబాద్‌లోనే, తార్నాకలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీలో గడిపింది. 1941లో పుట్టింది. ఢిల్లీ మిరాండా హౌస్‌లో పాఠాలు చెప్పింది, లండన్ వెళ్ళి పరిశోధన చేసి వచ్చింది. 1970లో పెళ్ళి చేసుకుని కాన్పూర్ ఐఐటీకి వెళ్ళింది. భర్త అక్కడ అధ్యాపకుడు. భార్యాభర్తలిద్దరూ ఒకేచోట అధ్యాపకులుగా ఉండకూడదన్న రాయని నియమం వల్ల ఆవిడకి ఆ ఉద్యోగం రాలేదని ఆవిడ గురించి రాసినవాళ్ళు చెబుతారు. ఇరవై ఏళ్ళకి పైగా ఫెలోషిప్పుల మీదే పనిచేసింది. 1993లో త్రివేండ్రం వెళ్ళింది, 1998లో హైదరాబాద్ వచ్చింది. 2001లో, సరిగ్గా అరవయ్యో పుట్టినరోజున, కాన్సర్‌తో పోయింది. ఆ ఫెలోషిప్పుల కాలాన్ని 'అంకితభావం' అని మెచ్చుకోవడం తేలిక. రాయని నియమం ఎవరు పెట్టారు, అది ఎప్పుడూ భార్య మీదే ఎందుకు పడుతుంది అని అడగడం కష్టం. రాసిన నియమాన్నయితే కోర్టులో సవాలు చేయొచ్చు. రాయనిదాన్ని ఎక్కడ చూపిస్తాం? స్ఫటికం లోపలి అమరిక కూడా కంటికి కనిపించదు. దాని మీద పడి చెదిరిన కిరణాల్ని బట్టే లెక్క కట్టాలి. ఇలాంటి నియమాల్ని కూడా ఆడవాళ్ళ జీవితాలు ఎక్కడ వంగాయో, ఎటు చెదిరాయో చూసే పోల్చుకోవాలేమో.

అక్క లాబ్‌లో చేసింది ఈ కోవ పనే. మందు పొడి మీద ఎక్స్ కిరణాలు పంపి, వచ్చిన గ్రాఫులో శిఖరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడటం. ఒకే అణువు వేరువేరు రకాలుగా పేర్చుకుని వేరువేరు స్ఫటికాలు కాగలదు. ఆ తేడా పట్టుకోవాలి. దాన్ని ఎందుకంత పట్టించుకుంటారో అక్క ఒక ఉదాహరణతో చెప్పింది. ఎయిడ్స్ రోగులకిచ్చే రిటోనవిర్ అనే మందు 1996లో మార్కెట్లోకి వచ్చింది. రెండేళ్ళ తర్వాత, 1998లో, అప్పటిదాకా ఎవరూ చూడని ఇంకో స్ఫటిక రూపం అందులో కనిపించింది. అణువులో ఒక్క పరమాణువూ మారలేదు. పేర్చుకున్న తీరు మారింది, అంతే. కరగడం బాగా తగ్గిపోయింది. కరగని మందు రోగికి పనికిరాదు కాబట్టి కాప్స్యూళ్ళని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. "మందులో ఏ దోషమూ లేదు, కానీ పనిచేయదు. అప్పుడు ఎవర్ని తిడతావు?" అని అడిగేది అక్క.

2011లో అక్క ఆ ఉద్యోగం మానేసింది. లాబ్‌లో రెండో షిఫ్టు పెట్టారు. రాత్రి పదింటికి పని అయిపోతే ఇంటికి చేరడానికి కంపెనీ బండి లేదు. ఇంట్లో రెండేళ్ళ పాప, చూసేవాళ్ళు లేరు. బావ జీతం ఎక్కువ కాబట్టి ఇద్దరిలో ఎవరు మానాలన్న ప్రశ్నే రాలేదు. "దానికి పిల్లంటే ప్రాణం, ఉద్యోగం మీద ఎప్పుడూ ధ్యాస లేదు" అన్నారు మావాళ్ళు. ఏడేళ్ళపాటు ఒక శిఖరం చోటు తప్పితే నిద్రపోని మనిషి గురించి ఆ మాట!

ఆ ఏడాదే నేను పిహెచ్.డి.లో చేరాను. అంతకుముందు నా ఎం.ఏ. రెండేళ్ళూ హాస్టల్ మెస్ బిల్లు కట్టింది అక్క జీతమే. 2013లో అమ్మకి పక్షవాతం వచ్చింది. అప్పటికే ఊరికి తిరిగొచ్చిన అక్క అమ్మని చూసుకుంది. నేను యూనివర్సిటీలో నాలుగో అధ్యాయం రాసుకున్నాను. నా గట్టిదనం నా పుట్టుకలోనే ఉందని బంధువులు ఇప్పటికీ నమ్ముతారు. నా చుట్టూ ఉన్న బంధాలు లెక్కపెట్టుకుంటే నన్ను నాలుగు వైపులా పట్టి నిలబెట్టినవాటిలో రెండు అక్కవి. ఆమెని అలా పట్టి ఉంచినవి ఎన్ని?

మరి నిర్మాణం తెలిస్తే మార్చేయొచ్చా? ఇక్కడ రోజలిండ్ ఫ్రాంక్లిన్ గుర్తొస్తుంది. డీఎన్ఏ విషయంలో ఆవిడకి జరిగినది మనలో చాలామందికి తెలుసు. అంతకుముందు ఆవిడ బొగ్గు మీద పనిచేసింది. కొన్ని రకాల కార్బన్‌ని మూడువేల డిగ్రీల దాకా వేడిచేస్తే చక్కగా గ్రాఫైట్ అవుతాయి. కొన్ని ఎంత వేడిచేసినా కావు. ఎందుకో 1951లో వివరించింది. మారనివాటిలో చిన్నచిన్న ముక్కల మధ్య అడ్డదిడ్డంగా గట్టి బంధాలు మొదట్లోనే పడిపోయి ఉంటాయి. తర్వాత ఎంత వేడి తగిలినా ఆ ముక్కలు కదిలి వరసలో పడలేవు. మన ఇళ్ళు, కాలేజీలు, పరిశోధన సంస్థలు గుర్తురావడం లేదూ? చట్టాలు వచ్చాయి, ఉద్యమాలు వచ్చాయి, వేడి బాగానే తగిలింది. మొదట్లో పడ్డ ముడులు, ఇంటి చాకిరి ఎవరిది, బదిలీ అయితే ఎవరు ఎవరి వెంట వెళ్ళాలి, రాత్రి బయటికి ఎవరు వెళ్ళొచ్చు, అవి అలాగే ఉన్నాయి.

ఇదంతా అక్కకి చదివి వినిపించాను. మెచ్చుకుంటుందనుకుంటే మూతి విరిచింది. "బాగానే ఉంది గానీ, మేం కార్బన్‌లం కాదే. కార్బన్‌కి జీతం అక్కర్లేదు, సెలవు అక్కర్లేదు. ఎక్కడ పెడితే అక్కడ ఉంటుంది. నాకు కోపం వచ్చేది. నువ్వు రాసినదాంట్లో నా కోపం ఎక్కడుంది?" అంది. కాసేపాగి, "ఇంకోటి. వజ్రం శాశ్వతం అంటారు నగల షాపువాళ్ళు. మనముండే వాతావరణంలో లెక్క ప్రకారం స్థిరమైనది గ్రాఫైటే. వజ్రం దానిగా మారాలి, కాకపోతే అది ఎవరి జీవితకాలంలోనూ జరగదు. ఇది కూడా రాయి" అని కలిపింది.

రాశాను. ఆమె కోపం సంగతి నేను రాయలేను, అది ఆమే రాయాలి. నా చదువుకి సంబంధించినంతవరకూ ఒక్క మాట చెప్పగలను. అలంకారశాస్త్రంలో వామనుడు రీతి అంటే ఒక ప్రత్యేకమైన పదాల అమరిక అన్నాడు, ఆ ప్రత్యేకతని గుణాలతో ముడిపెట్టాడు. పద్యంలో అమరికని అంత శ్రద్ధగా వెతికిన మనం, ఆ పద్యంలోని ఆడదాని దగ్గరికి వచ్చేసరికి 'సహనశీల', 'సుకుమారి', 'గయ్యాళి' అని విశేషణం తగిలించి ముందుకి పోతాం. రచయిత్రుల మీద రాసే వ్యాసాల్లో కూడా ఎంత తరచుగా చేస్తామో ఈ పని! ఫలానా ఆవిడ తక్కువ రాసింది, మితభాషి కాబట్టి. ఫలానా ఆవిడ పెళ్ళయ్యాక రాయడం మానేసింది, ఆసక్తి తగ్గింది కాబట్టి. ఆవిడకి రాసుకునే బల్ల ఉందా, ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉన్నారా, పోస్టు ఖర్చు ఎవరిని అడగాలి అన్నవి ఫుట్‌నోట్లో కూడా ఉండవు. ఉంటే ఆ వ్యాసం వేరేగా ఉంటుంది. ధర్మం గురించి రాసేముందు నిర్మాణం రాయమని ఇంటర్ పిల్లల్ని అడుగుతారు. మనల్ని మనం అడగలేమా?

మొన్న వేసవిలో అక్క 'ఘనస్థితి' పాఠాన్ని తన మాటల్లో రాయడం మొదలుపెట్టింది. తెలుగు మీడియం నుంచి వచ్చిన ఆడపిల్లల కోసమట. పొడుగు నోటుబుక్కులో ఇప్పటికి నలభై పేజీలు అయ్యాయి. రాత్రి వంటిల్లు సర్దాక, తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా రాస్తుంది. ఆ గంటన్నర కోసం అంట్లు తోమడం బావ పని అయింది. అదేమీ గొప్ప విప్లవం కాదు. ఒక ముడి కదిలింది, అంతవరకే.