చేపల కన్నా ముందు బ్యాక్టీరియా!

ఉప్పునీటి ఆక్వేరియం పెట్టాలని ఫిక్సయ్యాక ఏ చేపలు కొనాలో ఒక్క సాయంత్రంలో తేల్చేశా. ఫిల్టర్ తేలడానికి మాత్రం నెల పట్టింది. నీళ్లు అద్దంలా మెరుస్తున్నా చేప చచ్చిపోవచ్చు మరి. అసలు విషం కంటికి కనపడదు.

చేప వదిలే వ్యర్థాలు, తినకుండా వదిలేసిన మేత... అన్నీ చివరికి అమ్మోనియా అవుతాయి. ఉప్పునీటి ట్యాంకులో పీహెచ్ 8.1 నుంచి 8.4 దాకా ఉంటుంది. ఆ స్థాయిలో అమ్మోనియా ఇంకా ప్రమాదకరం. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారిస్తే, ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ మొదటి రెండింటంత విషం కాదు. బయలాజికల్ ఫిల్టర్ అంటే ఈ బ్యాక్టీరియాకి మనం కట్టిచ్చే ఇల్లు, అంతే!

నా ముందు మూడు దారులున్నాయి. మొదటిది కేనిస్టర్. మూత బిగించిన డబ్బా, చూడ్డానికి నీట్‌గా ఉంటుంది. కానీ కరెంటు పోతే లోపల నీళ్లు కదలవు. ఆక్సిజన్ అయిపోతే బ్యాక్టీరియా చస్తుంది. గంటల తర్వాత పంపు తిరిగితే ఆ కుళ్లు నీరంతా నేరుగా ట్యాంకులోకే. ఎండాకాలం కోతలు గుర్తొచ్చి పక్కన పెట్టేశా.

రెండోది, బయోబాల్స్ మీద నీళ్లు చినుకుల్లా పడే ట్రికిల్ ఫిల్టర్. గాలి బాగా తగులుతుంది కాబట్టి అమ్మోనియా పని చకచకా పట్టేస్తుంది. కాకపోతే కథ నైట్రేట్ దగ్గర ఆగిపోతుంది. పేరుకున్నదాన్ని తగ్గించాలంటే నీళ్లు మారుస్తూ మనమే బకెట్లు మోయాలి.

మూడోది సన్నని రంధ్రాలున్న రాయి. పైపొరలో ఆక్సిజన్ పీల్చే బ్యాక్టీరియా, లోతున ఆక్సిజన్ అందని చోట నైట్రేట్‌ని నైట్రోజన్ వాయువుగా మార్చే బ్యాక్టీరియా ఉంటాయి. తోడుగా ప్రొటీన్ స్కిమ్మర్ పెడితే వ్యర్థాలు కుళ్లకముందే నురగతో బయటికొచ్చేస్తాయి. దీన్నే బెర్లిన్ పద్ధతి అంటారు. నేను దీనికే ఓటేశా.

అయితే సముద్రం నుంచి పీకిన పగడపు రాయి వద్దనుకున్నా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో పగడాలకి రక్షణ ఉంది. ఇంట్లో అందం కోసం అక్కడ ఇంకో ప్రాణి ఇల్లు కూల్చడం దేనికి? ఫ్యాక్టరీలో తయారైన సిరామిక్ రాయి కొన్నా.

పొడి రాయిలో బ్యాక్టీరియా ఉండదుగా! పాలకి తోడు వేసినట్టు బాటిల్ బ్యాక్టీరియా వేసి, కాస్త అమ్మోనియా మేతగా ఇస్తూ కూర్చోవాలి. "ఒట్టి నీళ్లకి మేతేంట్రా?" అని మా అమ్మ ఒకటే నవ్వు. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి దిగడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది.

ఆ ఆరు వారాలు ఆగలేక "ఒక చేపని వేసి చూద్దాం" అనేవాళ్లుంటారు. మనకది టెస్టింగే కావచ్చు, దానికి ప్రాణం. సున్నా చూశాకే కొనండి. అదీ హేచరీలో పుట్టిన క్లౌన్ ఫిష్‌లు, ముందు రెండే. మేత పెరిగేకొద్దీ బ్యాక్టీరియా పెరుగుతుంది, దానికా టైమివ్వాలి. రాళ్లని మాత్రం కుళాయి నీళ్లతో కడగొద్దు. అందులోని క్లోరిన్ మీ ఆరు వారాల ఓపికని నిమిషాల్లో కడిగేస్తుంది!