అరకులోయలో మేమును మనమును

అరకులోయ యనగనే మనలో పలువురకు బొర్రా గుహలును, కాఫీతోటలును, సొరంగములలో దూరి పోవు రైలును జ్ఞప్తికి వచ్చును. వాని వర్ణనలు ఇదివరకే పెక్కు వెలువడినవి. విశాఖపట్టణమునకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున, తూర్పుకనుమల నడుమ నున్న యీ లోయ 2022వ సంవత్సరమునుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరియున్నది. మేమచ్చట మూడు దినములుంటిమి. కన్నులతో చూచినదానికంటె చెవులతో వినినదే మాకెక్కువ సంతోషమును గలిగించెను గావున, ఆ సంగతినే విన్నవించెదము.

సంతలో ఒక చెట్టుక్రింద నిలుచున్నచో నాలుగైదు భాషలు వినబడును. కొండదొరలలో కొందరు 'కూబి' యని తాము పిలుచుకొను భాషను మాటలాడుదురు. సామంతులది కువి. గదబలలో కొందరిది గుతోబు. ఒక తెగవారు మరియొక తెగవారితో బేరమాడునపుడు ఆదివాసీ ఒడియాయో, తెలుగో నడుచును. వీనిలో కూబి, కువి మన తెలుగునకు దగ్గర చుట్టములు. గుతోబు మాత్రము ముండా కుటుంబమునకు చెందినది.

కొండచీపుళ్లమ్ము ఒక పడుచు మాతో వచ్చిన వృద్ధురాలిని చూచి, "నువ్వేటి కొంటావమ్మా?" అని అడిగెను. ఆ వృద్ధురాలు చాలకాలము ఉపాధ్యాయినిగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవారు. ఊరంతయు 'మీరు' అని పిలువగా అలవాటుపడినవారు. వారి మొగము చిన్నబోయినది. "మనుమరాలి యీడుదానికి నేను నువ్వా?" అని మాతో మెల్లగా ననిరి. పక్కనే చింతపండు కొనుచున్న యొక కొండదొర బాలిక, ఇంటరు చదువుచున్నదట, ఆ మాట విని నవ్వి, "మా వాళ్లు ఒక్కరుంటే నువ్వే అంటారండి. మా తాతనీ నువ్వే, కలెక్టరొచ్చినా నువ్వే," అని చెప్పెను. కూబిలో ఎదుటి యొక్కరు 'నీను', పలువురు 'మీరు'. ఆ చీపుళ్లమ్ము పడుచు మాటచివర 'అమ్మా' యనుటను మన వృద్ధురాలు గమనింపలేదు. గౌరవమంతయు ఆ పిలుపులో నున్నది. లెక్క మాత్రము సర్వనామములో నున్నది. పల్లపువారు కొండవారిని మొరటువారనుటకు చెప్పు కారణములలో ఈ 'నువ్వు' ఒకటి. అది వ్యాకరణమేగాని అవిధేయత కాదని కచేరీలలో కూర్చుండు దొరలకెవరైన చెప్పవలెను.

ఆ బాలికయే మాకు గురువైనది. కూబిలో 'నాను' అనగా నేను. మేము అనుటకు 'మాపు', మనము అనుటకు 'మాటు'. కువిలో నివి 'మాంబు', 'మారో' అగును. ఎదుటివారిని కలుపుకొన్నచో నొక మాట, విడిచిపెట్టినచో వేరొక మాట. ఇది మనకు పుట్టుకతో వచ్చిన సొత్తుగనుక దీని విలువ తోచదు. ఇంగ్లీషువారికి రెంటికి నొకటే మాట. మన పొరుగువారైన కన్నడిగులు నేడు రెంటికిని 'నావు' అనియే యందురు. బెలూచిస్థానమునను, ఆఫ్గనిస్థానములో కొంతమేరను వాడుకలోనున్న బ్రాహుయీ ద్రావిడభాషయే. అదియు నీ భేదమును పోగొట్టుకొని 'నన్' అను నొక్కదానితో సరిపెట్టుకొనుచున్నది. ఆఫ్గనిస్థానపు పారసీకమునకు 1964 నాటి రాజ్యాంగమునుండి దరీ యను పేరు కలదు. అందులో 'మా' యన్నను మేమే, మనమే. శబ్దము మన 'మా'వలె నున్నను చుట్టరికమేమియు లేదు.

ఈ భేదము మన యిండ్లలో నెంత పనిచేయునో తలపోయుడు. క్రొత్తకోడలు కాపురమునకు వచ్చిన దినములలో, "మా యింట పులుసులో బెల్లము వేయుదుము" అని యనును. ఆ 'మా' పుట్టింటిది. అత్తగారు పైకేమియు ననకున్నను విని యూరకుండరు. ఏడాదికో, రెండేండ్లకో ఒకనాడు నోటివెంట 'మన యిల్లు' అని వచ్చును. అత్తగారికా దినము తిథితో సహా జ్ఞాపకముండును! దరీ మాటలాడు కోడలికి ఈ చిక్కును లేదు, ఈ యుత్సవమును లేదు.

ఇక మాకు మిక్కిలి యాశ్చర్యమును గలిగించిన సంగతి. తెలుగున "కొడుకు వచ్చినాడు" అందుము. "కోడలు వచ్చినది" అందుము, "గేదె వచ్చినది" అనియు నందుము. 'ఆమె', 'ఆవిడ' యని సర్వనామమును మర్యాదచేసి దిద్దుకొన్నను, క్రియ మాత్రము మనలను గేదెతోనే కట్టివేసినది. పలువురు చేరినపుడు మాత్రము "కోడండ్రు వచ్చినారు, గేదెలు వచ్చినవి" అని వేరుపరుతుము. కూబిలో నా వేరుపాటును లేదు. పదిమంది స్త్రీలు వచ్చినను 'వచ్చినవి' యన్నట్లే చెప్పుదురు. వారిలో ఒక్క పురుషుడు చేరినచో అందరును 'వచ్చినారు' వరుసలో చేరుదురు! భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఈ భాషను పరిశోధించి 1969లో దాని వ్యాకరణమును గ్రంథముగా వెలువరించిరి. మూలద్రావిడమున నుండినది ఈ కొండపద్ధతియే యనియు, తెలుగు తరువాత మారినదనియు వారి వాదము. అది నిజమైనచో, పూర్వమెపుడో తెలుగుస్త్రీలు గుంపుగా నున్నపుడు మాత్రము 'వారు' అయిరి. ఒంటరిగా నున్న స్త్రీకింకను ఆ భాగ్యము కలుగలేదు.

ఇది విని మన వృద్ధురాలు, "పాపము, కొండస్త్రీల గతి యిట్లున్నదా!" అనిరి. మేమందుల కంగీకరింపలేదు. ఆ సంతలో బేరము చేయువారు స్త్రీలు, రూకలు కొంగున ముడివేయువారును స్త్రీలే. గిడుగు రామమూర్తిపంతులుగారు (1863-1940) ఏండ్ల తరబడి శ్రమించి నేర్చిన సవర భాషలో, వారి 1931 నాటి గ్రంథము వెలువడుటకు ఎన్ని తరముల ముందునుండియో, వాడన్నను ఆమె యన్నను 'అనిన్' ఒక్కటే. దరీలోను స్త్రీపురుషులకు 'ఊ' యను నొక్క మాటయే. సర్వనామములో నంతటి సమానత గల యా దేశమున 2021 మొదలుకొని బాలికలకు ఆరవతరగతి పైన బడి తలుపులు మూసియుంచిరి. కాబట్టి వ్యాకరణమును చూచి యొక జాతిలోని స్త్రీల బ్రతుకును కొలువరాదు.

మరునాడు ఆ బాలిక మమ్ము తన పల్లెకు తోడ్కొనిపోయెను. దారిపొడవునను వలిసెచేలు పచ్చగా పూచియుండెను. ఇంట నవ్వ కూబి మాటలాడును. తల్లి కూబియు, ఆదివాసీ ఒడియాయు, తెలుగును మాటలాడును. ఏడేండ్ల తమ్ముడు అవ్వ మాట తెలిసికొనును గాని జవాబు తెలుగుననే చెప్పును. 2011 జనాభాలెక్కలలో ఈ భాషను మాతృభాషగా చెప్పుకొన్నవారు సుమారు 60 వేలమంది. 2004 ప్రాంతమున ప్రభుత్వము కొండ, కువి, సవర, ఆదివాసీ ఒడియా మున్నగు ఎనిమిది భాషలలో చిన్నతరగతుల చదువునకు పూనుకొని, తెలుగులిపిలోనే పుస్తకములచ్చు వేయించెను. ఆ బాలిక యట్టి పుస్తకమొకటి పెట్టెలో దాచుకొన్నది. తమ్ముని దానిలోనుండి చదువుమనగా వాడు సిగ్గుపడి అవ్వ వెనుకకు పోయి దాగెను.

మధ్యాహ్నమగుటచే నవ్వ మావంక జూచి యొక పెద్దవాక్యము పలికెను. బాలిక తెలుగుచేయబోగా, వలదని మేము వారించితిమి. అందు 'మాటు' అను నొక్క పదము మాకు తెలిసినది. తక్కినది తెలియలేదు. అడ్డాకులు వేసిరి, సామల యన్నమును కందిపప్పును వడ్డించిరి, మన వృద్ధురాలు అందరికంటె ముందుగా పోయి అవ్వ ప్రక్కన కూర్చుండిరి.