సవతికి కొలతలు

క్యూ అంటే నాకు తెలిసింది ఒకటే. కిరసనాయిలు డబ్బా పుచ్చుకుని రేషను షాపు ముందు గంటలకొద్దీ నిలబడేది. ఆ పేరుతో ఒక కర్ర కూడా ఉంటుందని, పెళ్ళయి బెజవాడ కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే తెలిసింది. మావారు రైల్వేలో గుమాస్తా. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, కాఫీ తాగి, గోడ మేకుకి వేలాడే పొడుగాటి రేకు గొట్టం భుజాన వేసుకుని క్లబ్బుకి వెళ్ళిపోయేవారు. మళ్ళీ రావడం తొమ్మిదిన్నరకి.

"బిలియర్డ్సంటే ఏమనుకున్నావు? విల్సన్ జోన్స్ 1958లో ప్రపంచ ఛాంపియనయ్యాడు. స్నూకరు పుట్టిందే మన జబల్‌పూర్‌లో, 1875లో!" అనేవారు. అప్పటికి నాకు తెలిసిందల్లా వంకాయకూర చల్లారిపోయిందనే. ఆ కర్రకి నేను పెట్టుకున్న పేరు 'సవతి'.

1984లో మా రెండో పిల్ల పుట్టింది. జీతం చాలేది కాదు. ఇరుగుపొరుగు వాళ్ళకి జాకెట్లు కుట్టి నాలుగు రాళ్ళు తెస్తుండేదాన్ని. ఓ రాత్రి ఒళ్ళు మండి అనేశాను. "నేనిక్కడ సూదితో కళ్ళు పొడుచుకుంటుంటే, మీరక్కడ కర్రతో బంతులు పొడుస్తున్నారు."

మర్నాడు మేకు ఖాళీ. బదిలీ మీద వెళ్తున్న స్నేహితుడికి అమ్మేసి, రెండొందలు తెచ్చి నా చేతిలో పెట్టారు. పల్లెత్తు మాటనలేదు. ఆనాటి నుంచి ఆరింటికల్లా ఇంట్లోనే. పడక్కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చునేవారు. గెలిచానని మురిసిపోయాను. ఆ పేపరు పేజీ తిరగడం లేదని గమనించడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2024 వేసవిలో అమెరికాలో మా పెద్దాడి ఇంటికి వెళ్ళాం. వాళ్ళ బేస్‌మెంట్‌లో ఆకుపచ్చ గుడ్డ పరిచిన పూల్ బల్ల ఒకటుంది. మావారి బిలియర్డ్స్ బల్లకంటే చిన్నది. మా మనవడు దానిమీద బట్టలు ఆరేస్తుంటాడు. మావారు ఆ బట్టలు పక్కకి జరిపి, గోడకున్న కర్ర తీసి, ఒక కన్ను మూసి దాని వెంట చూశారు. బల్లమీద పెట్టి దొర్లించారు. గోతుల రోడ్డుమీద బండిచక్రంలా అది ఎగిరెగిరి దొర్లింది. వంకరన్నమాట. ఏమీ అనకుండా మళ్ళీ గోడకి పెట్టేసి మేడమీదికి వచ్చేశారు. మెట్లమీద నిలబడి నేనంతా చూశాను.

"నాన్నగారికి మంచి కర్ర ఒకటి కొనిపెట్టరా," అన్నాను పెద్దాడితో.

"దానికేముందమ్మా, షాపులో బోలెడు దొరుకుతాయి."

"షాపుది కాదు. కొలతలిచ్చి చేయించాలి. డబ్బు నాది."

నవ్వకండి. కుట్టుమిషను డబ్బు పోస్టాఫీసులో వేసుకున్నది నాకు ఇంకా ఉంది. పైగా, ఒకరి ఒంటికి సరిపోయేలా ఒక వస్తువు చెయ్యడమంటే ఏమిటో మా ఇంట్లో తెలిసింది నాకే కదా!

మొదట వెళ్ళినాయన దుకాణం నగల కొట్టులా ఉంది. అద్దాల బీరువాల్లో నల్లటి ఎబొనీ కర్రలు, వాటిలో పొదిగిన ముత్యపుచిప్పలు, వెండి పట్టీలు. 'ది కలర్ ఆఫ్ మనీ' అని 1986లో ఒక సినిమా వచ్చిందట. అందులో హీరో చేతికి వచ్చే బాలబుష్కా కర్రలాంటిదే చేసిస్తానన్నాడు. ధర రూపాయల్లోకి మార్చుకుని, కూర్చోవడానికి కుర్చీ వెతుక్కున్నాను. ధర పోనివ్వండి. ఆడేది ఎవరని కూడా ఆయన అడగలేదు. ఒళ్ళు కొలవకుండా అంచు డిజైన్లు చూపించే టైలరు దగ్గర నేనెప్పుడూ గుడ్డ ఇవ్వలేదు.

రెండో ఆయనతో ఫోనులోనే బేరం. మూడు వారాల్లో పంపేస్తానన్నాడు. పెద్దాడికి తెగ నచ్చింది. కానీ అప్పటికి వాడే ఇంటర్నెట్‌లో చూసి నాకో సంగతి చెప్పాడు. కర్ర ముందుభాగం గట్టి మేపుల్ చెక్కతో చేస్తారు. దాన్ని లేత్ మీద ఒక్కసారే సన్నగా చెక్కెయ్యకూడదు. కాస్త చెక్కి, వారాల తరబడి వేలాడదీసి, మళ్ళీ కాస్త చెక్కాలి. చెక్కినప్పుడల్లా చెక్క కదులుతుంది. ఆ కదలడమేదో తయారయ్యేలోపలే కదిలిపోతే, తరవాత బుద్ధిగా తిన్నగా ఉంటుంది. తొందరపడితే ఇంటికొచ్చాక వంగుతుంది. కొత్త కలపతో చేయించిన తలుపు వానాకాలం ఎంత ఏడిపిస్తుందో మనకి తెలియదూ!

"మూడు వారాల ఆవకాయ వద్దురా," అన్నాను.

మూడో ఆయన పెన్సిల్వేనియాలో ఒక పల్లెటూళ్ళో ఉన్నాడు. ఇంటి వెనక షెడ్డు, నేలంతా రంపంపొట్టు, మా ఆయన ఈడు మనిషి. తల ఎత్తి చూస్తే వాసానికి వరసగా సగం చెక్కిన కర్రలు వేలాడుతున్నాయి, తిన్నగా సాగాలని రాయి కట్టిన పొట్లకాయల్లా. నాకక్కడే సగం నమ్మకం కుదిరింది.

పెద్దాడు బాలబుష్కా పేరెత్తితే ఆయన నవ్వాడు. బాలబుష్కా రష్యాలో పుట్టి, 1924లో అమెరికా వచ్చి, వడ్రంగం పనులు చేసి, 1959లో కర్రల తయారీలోకి దిగాడట. 1975లో పోయాడు. ఆయన చేసిన కర్రల్ని ఈనాటికీ కళ్ళకద్దుకుంటారు. కానీ ఆ సినిమాలో కనిపించేది మాత్రం ఆయన చేసింది కాదు, అలా కనబడేట్టు ఇంకొకరు చేసింది! పొదుగుళ్ళు ఎవరైనా దించెయ్యొచ్చు, లోపలి అతుకు బిగువుగా ఉందా లేదా అన్నదే అసలు సంగతన్నాడు. ఒక కర్ర తీసి, మడమని అరచేత్తో తట్టి వినిపించాడు. లోపల ఎక్కడైనా వదులుంటే జుయ్యిమంటుందట. కుండ కొనేటప్పుడు మనం వేలితో కొట్టి చూడమూ? అదే.

ఆ తరవాత మొదలెట్టాడు ప్రశ్నలు. ఎంత ఎత్తు? ఇదివరకు ఏ బల్లమీద ఆడేవారు? పిడి బిగించి పడతారా, వదులుగానా? ఇప్పుడు చేతులెలా ఉన్నాయి? పెద్దాడు నీళ్ళు నమిలాడు. పాపం, తండ్రి ఆడగా వాడెప్పుడు చూశాడు?

నేను చూశాను. ఒకే ఒక్కసారి. క్లబ్బులో ఏదో పండగకి ఆడవాళ్ళని రానిచ్చిన రోజు, పెద్దాణ్ణి చంకనేసుకుని తలుపు దగ్గర పది నిమిషాలు నిలబడ్డాను. ఇంట్లో ఎన్నడూ చూడని నెమ్మది ఆ మొహంలో చూసి, ఇది నాకెందుకు దక్కలేదని కుళ్ళుకుని వచ్చేశాను. ఆ పది నిమిషాలూ నా కళ్ళల్లోంచి పోలేదు.

ఇంగ్లీషు చాలక, గొడుగు తీశాను. అరవై తొమ్మిదేళ్ళ మనిషిని, కుచ్చిళ్ళు ఎగదోపి, ఆయన పనిబల్ల మీదికి వంగి, ఎడంచెయ్యి చాపి, గడ్డం గొడుక్కి ఆనించి, మావారు ఎలా నిలబడేవారో అలాగే నిలబడ్డాను. మా వాడు సిగ్గుతో పక్కకి తిరిగాడు. ఆయన మాత్రం నవ్వకుండా, టేపు తెచ్చి, నా మోచెయ్యి ఎక్కడ వస్తే మావారిది ఎక్కడ వస్తుందో లెక్క కట్టుకున్నాడు. కుడిచేతి రెండు వేళ్ళు సరిగ్గా ముడుచుకోవని కూడా చెప్పాను.

పొడుగు 58 అంగుళాలు, బరువు 18 ఔన్సులు, అంటే అరకిలో పైన పది గ్రాములు. పూల్ కర్రల కొస 13 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. మావారికి బిలియర్డ్స్ సన్నకొస అలవాటు కనక 12 చాలన్నాడు. వేళ్ళు బిగించక్కర్లేకుండా పిడి కాస్త లావు. పొదుగుళ్ళు వద్దు, ఆ డబ్బు మంచి చెక్కకి పెట్టమన్నాడు. గడువు ఎనిమిది నెలలు.

"అప్పటికి మీరుండరు కదమ్మా!" అన్నాడు పెద్దాడు. అమెరికాలో ఉండమని వాడి ఉద్దేశం. అని, నాలిక్కరుచుకున్నాడు. డెబ్భైనాలుగేళ్ళ మనిషికి ఎనిమిది నెలలంటే ఏమిటో ఇద్దరికీ ఒకేసారి తట్టింది. అయినా బయానా ఇచ్చేశాను. నలభయ్యేళ్ళు ఆగిన మనిషి ఇంకో ఎనిమిది నెలలు ఆగలేరా అనుకున్నాను.

ఆగారు. 2025 ఉగాదికి పెద్దాడు బెజవాడ వస్తూ తెచ్చాడు. మావారు రెండు ముక్కలూ బిగించి, భోజనాల బల్లమీద దొర్లించి, వంగి చూశారు. చప్పుడు లేకుండా, నూనె జారినట్టు దొర్లింది. పిడి పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డారు.

"కొలతలెవరిచ్చారు?"

"నేనే."

"నేనాడటం నువ్వెప్పుడు చూశావు?"

"పోపు మాడుతోంది," అని వంటింట్లోకి వచ్చేశాను. కాసేపటికి గడప దాకా వచ్చి, "అప్పుడు వాడికిచ్చేసింది ఇంతకంటే బరువుండేది," అన్నారు. నలభయ్యేళ్ళలో ఆ కర్ర ఊసెత్తడం అదే మొదటిసారి.

ఇప్పుడు మా వీధి చివర కాలేజీ కుర్రాళ్ళాడుకునే పూల్ పార్లరుకి రోజూ వెళ్తున్నారు. వాళ్ళు తాతగారూ అని పిలిచి కుర్చీ వేస్తారట. ఎనిమిదికి వస్తానన్న మనిషి తొమ్మిదైనా రారు. ఇది రాస్తున్న ఈ పూట కూడా అంతే. వంకాయకూర చల్లారిపోయింది.

సవతి మళ్ళీ ఇంటికొచ్చింది. ఈసారి దాన్ని కొలతలిచ్చి మరీ తెచ్చుకుంది నేనే. ఇంకెవర్ననను?