నాలుగు సెకండ్లు

నేను ప్రధానోపాధ్యాయ పదవినుండి విశ్రాంతి పొందిన దినమున పూర్వవిద్యార్థులు నాకొక చేతిగడియారమును బహూకరించిరి. అది క్రోనోగ్రాఫు, అనగా వేళను చూపుటయే గాక, ఒక పనికి పట్టిన కాలమును కొలుచునట్టి గడియారము. దాని నడిమి పొడవైన ముల్లు మామూలుగా పన్నెండుపై కదలక నిలిచియుండును. నడుచు సెకండ్ల ముల్లు ప్రక్కనున్న చిన్న ముఖములో ఉండును. ఈ సంగతి యెరుగనివారు నా చేతిని చూచి "సార్, మీ గడియారం ఆగిపోయింది" అని హెచ్చరించుట పరిపాటి. పై మీట నొక్కినప్పుడే ఆ పెద్దముల్లు బయలుదేరును. మరల నొక్కిన ఆగును. క్రింది మీట నొక్కిన పన్నెండు చేరును.

2022లో పోలీసు కానిస్టేబుళ్ల నియామకమునకు ప్రకటన వెలువడెను. యువతులు 800 మీటర్ల దూరమును 5 నిమిషముల 20 సెకండ్లలో పరుగెత్తవలెనని అందొక నియమము. మా ధర్మసాగర్ చెరువు వరంగల్లు నగరమునకు త్రాగునీటి నిచ్చునట్టి పెద్ద చెరువు. దాని కట్టపై టేపుతో 400 మీటర్లు కొలిచి, రెండు కొనలను సున్నముతో గుర్తులు పెట్టి, వేకువనే పిల్లలు సాధన చేయుచుండిరి. కాలము కొలుచుపని నాది. ఫోనుతో కొలువరాదా యని మీ రడుగవచ్చును. కొలువవచ్చును, కాని మీటయైనచో కన్ను పరుగుపై నుంచి బొటనవ్రేలితోనే నొక్కవచ్చును.

ఆ పిల్లలలో ఒక కూలివాని కుమార్తె యుండెను. ఈసారి నెగ్గకున్న పెండ్లి చేసెదమని ఇంటివారు ఆమెతో చెప్పియుండిరి. ఒకనాడు గడియారము జారి కట్టమీది రాతికి తగిలెను. మరునాటి ఉదయము క్రింది మీట నొక్కి చూడగా పెద్దముల్లు పన్నెండుకు చేరక నాలుగవ గీతపై నిలిచెను. అట్లే పరుగు కొలిచితిని. ముల్లు 5 నిమిషముల 22 సెకండ్లపై ఆగెను.

"సారూ, ఇగ నాతోని కాదు" అని ఆమె కట్టపై కూలబడెను.

"కొన అరిగిన స్కేలుతో ఒకటినుండి కొలుతుము గదా! ఇదియు నాలుగునుండి మొదలైనది. నాలుగు తీసివేయుము బిడ్డా, 5 నిమిషముల 18" అంటిని.

ఆమె కొంతసేపు ఆలోచించి, "గడియారమే ఖరాబైతే, తక్కిన లెక్క నిజమని ఎట్ల నమ్మాలె సారూ?" అని ప్రశ్నించెను. నా బోధనాకాలములో ఇంత మంచి ప్రశ్న నన్నడిగినవారు కొలదిమందియే. పైగా చిన్నముల్లు కూడ రెండేసి సెకండ్లకు ఒకమారు గెంతుచుండెను.

అప్పుడే గడియారమును, ఫోనులోని స్టాప్‌వాచిని ఒక్కసారి నడిపి పది నిమిషములు చూచితిమి. నాలుగుపై బయలుదేరిన ముల్లు పది నిమిషములకు సరిగా నాలుగుపైననే యుండెను. నడక తప్పలేదు, మొదలు మాత్రము జరిగినది.

ఇట్లేల జరుగును? ఈ గడియారములో చిన్న స్ఫటికపు ముక్క కలదు. స్ఫటికమును అదిమిన విద్యుత్తు పుట్టునని 1880లో ఫ్రాన్సు దేశమున క్యూరీ సోదరులు కనుగొనిరి. విద్యుత్తు నిచ్చినచో స్ఫటికము కంపించును. అట్టి తొలి చేతిగడియారమును జపానులోని సైకో సంస్థ 1969 డిసెంబరు 25న అమ్మకమునకు పెట్టెను. నా గడియారము లోపలి స్ఫటికము సెకండుకు 32,768 మారులు కంపించును. ఆ సంఖ్యను రెండుచే పదునైదు మారులు భాగించి చూడుడు, ఒకటి వచ్చును. సెకండుకొక తాకిడి చొప్పున చిన్న మోటారు ముల్లును జరుపును.

కాని ఆ విద్యుద్వలయమునకు కన్నులు లేవు. ముల్లెక్కడ నున్నదో చూడజాలదు. ఎన్ని అడుగులు వేయించినదో మాత్రము లెక్కపెట్టుకొనును. దెబ్బకు ముల్లు జారినచో అది యెరుగదు. నాలుగుపై నిలిపి పన్నెండుపై నిలిపితిననుకొనును. ఇక రెండేసి సెకండ్ల గెంతు రోగము కాదు. బ్యాటరీ నీరసించినదని తెలుపుటకు అనేక గడియారములలో ఉంచిన హెచ్చరిక యది. కాలము మాత్రము తప్పదు.

హనుమకొండ చౌరస్తా దాపున ఒక గడియారముల బాగుచేయువాడు అద్దాలపెట్టె ముందు కూర్చుండును. అతడు కంటికి అద్దము తగిలించుకొని, వెనుకమూత తీసి, బ్యాటరీని మీటరుతో పరీక్షించెను. సిల్వర్ ఆక్సైడు బ్యాటరీ క్రొత్తదైనచో 1.55 వోల్టులు చూపవలెను. ఇది చాల తగ్గియుండెను. ప్లాస్టిక్ చిమ్టాతోనే దానిని తీసెను. ఇనుప చిమ్టా రెండు ముఖములకు తగిలినచో బ్యాటరీ చెడును. వెండ్రుకకన్న సన్నని రాగితీగచుట్టకు గీరిక పడినచో మోటారే పోవును. నీరు చొరకుండ కాచు రబ్బరువలయమును తుడిచి మూత బిగించెను.

"సార్, సెల్లు మార్చి ముల్లు వదిలేస్తే సగం పనే. కీ రెండు మెట్లు బయటికి గుంజి, పై మీట మీరే నొక్కుండ్రి" అనెను. నొక్కినకొలది ముల్లు అడుగడుగున జరిగి పన్నెండుపైకి వచ్చెను. అన్ని గడియారములలో ఈ పద్ధతి యొక్కటి కాదు. వెంట నిచ్చిన చిన్నపుస్తకమును చూడవలెను. కీని లోనికి నొక్కి మూడుమారులు నడిపితిమి; మూడుమారులును ముల్లు పన్నెండే చేరెను. "అయస్కాంతం పక్కన, స్పీకరు పక్కన పెట్టకుండ్రి" అని చెప్పి అతడు మరియొక గడియారము నందుకొనెను.

మరునాడు ఆ బాలిక పరుగు 5 నిమిషముల 17 సెకండ్లకు ముగిసెను. తీసివేయవలసినది లేదు. ఆమె గడియారమును నా చేతినుండి తీసికొని, ముల్లును పన్నెండుకు పంపి, మరల నడిపి, మరల పంపి, నాలుగైదు మారులు చూచి, పిదప నీళ్లు త్రాగెను.