గోధుమ బ్రెడ్డు మెత్తబడిన వైనం

తెలుగువారి ఇంట్లోకి బ్రెడ్డు ప్యాకెట్టు వచ్చిందంటే ఎవరికో జ్వరం తగిలిందనే లెక్క. ఆస్పత్రికి పరామర్శకు వెళ్లేవారి చేతిసంచీలో బత్తాయిలతోపాటు ఉండేది అదే. హైదరాబాద్ పాతబస్తీ సంగతి వేరు. అక్కడ డబల్ రొట్టెకు పెళ్లి విందులో మిఠాయిగా మారేంత హోదా ఉంది. కర్నూలు జిల్లా పల్లెలో జొన్నరొట్టె తిని పెరిగి, సర్కారు ఉద్యోగం చేసి రిటైరైన 74 ఏళ్ల పెద్దమనిషికి మాత్రం బ్రెడ్డు అంటే జబ్బే. అందుకే 2020 ఏప్రిల్‌లో కూతురు పళ్లెంలో రెండు ముక్కలు పెట్టి తెచ్చినపుడు ఆయన అడిగిన మొదటి మాట, ''నాకేమన్నా జరమొచ్చిందామ్మా?''

జ్వరం లేదు. లేనివి పళ్లు. ఆ ఏడాది మార్చి మొదట్లో కట్టుడు పళ్ల కోసం ఆయన హైదరాబాద్‌లోని కూతురి ఇంటికి వచ్చారు. మిగిలిన పళ్లన్నీ పీకించారు. చిగుళ్లు మానాక కొలతలు తీసుకుంటామన్నారు. అంతలో లాక్‌డౌన్ వచ్చింది, పళ్ల క్లినిక్ తలుపులు మూసుకుంది. పాతికేళ్లుగా చక్కెర వ్యాధి. రాత్రిపూట అన్నం తగ్గించి పుల్కాలు తినమని డాక్టరు ఎప్పుడో చెప్పారు. పుల్కా నమలడానికి నోట్లో ఏమీ లేదు. రాగిజావ, ఓట్స్ జావ, పప్పునీళ్లు, మళ్లీ రాగిజావ. మూడు వారాలు గడిచేసరికి ఆయన మాట తగ్గించేశారు. ఒకరోజు గిన్నె పక్కకు నెట్టి, ''తాగి తాగి విసుగొచ్చింది. చేత్తో పట్టుకుని తినేదేమన్నా ఉంటే పెట్టు'' అన్నారు. ఆమెకు బ్రెడ్డు తట్టింది అప్పుడే.

మొదట పెట్టింది కొట్టులో కొన్నదే. 'బ్రౌన్' అని రాసి ఉంది కదా, మైదా కాదులెమ్మని ధీమా. ముప్పై ఏళ్లు ఫైళ్లు చదివిన మనిషికి కవరు మీది చిన్న అక్షరాలు చదవకుండా నోట్లో పెట్టుకునే అలవాటు లేదు. భూతద్దం తెప్పించుకున్నారు. పదార్థాల జాబితాలో ఎక్కువ బరువున్నది ముందు రాయాలన్నది మన దేశంలో నిబంధన. మొదట ఉన్నది శుద్ధి చేసిన గోధుమపిండి, అంటే మైదా. గోధుమపిండి రెండో స్థానంలో ఉంది. చివర 150తో మొదలయ్యే నంబరు ఒకటి. అది కారమెల్ రంగు. ''గోధుమ రంగు వేరు, గోధుమ వేరు'' అని ఆయన భూతద్దం కింద పెట్టారు.

బ్రెడ్డు విషయంలో ఈ తరానికి ఒక విచిత్రమైన నమ్మకం ఉండేది. ఆహార కొరత రోజుల్లో, 1965లో కేంద్ర ప్రభుత్వమే మోడర్న్ బేకరీస్ పెట్టింది. బ్రెడ్డు అమ్మేది సర్కారు కాబట్టి కల్తీ ఉండదని ఉద్యోగులు అనుకునేవారు. 2000లో దాన్ని హిందుస్థాన్ లీవర్‌కు అమ్మేశారు. దేశంలో ప్రభుత్వ రంగ సంస్థను ప్రైవేటు చేతికి అప్పగించే పర్వం దాదాపు బ్రెడ్డుతోనే మొదలైంది. నమ్మకానికి అసలు దెబ్బ తగిలింది 2016 మేలో. ఢిల్లీలో సేకరించిన 38 రకాల బ్రెడ్డు, పావ్, బన్ను నమూనాల్లో 84 శాతంలో పొటాషియం బ్రోమేట్, అయోడేట్ జాడలున్నాయని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ బయటపెట్టింది. బ్రోమేట్ క్యాన్సర్ కారకం కావచ్చని అంతర్జాతీయ సంస్థ 1999లోనే వర్గీకరించింది. మర్నెల్లోనే మన ఆహార ప్రమాణాల సంస్థ దాన్ని నిషేధించింది. అంతకుముందు దాన్ని ఎందుకు కలిపేవారంటే బ్రెడ్డు బాగా పొంగడానికి, మెత్తగా ఉండటానికి. మెత్తదనానికి అంత గిరాకీ మరి.

ఇంట్లో కేకుల కోసం కొన్న ఓటీజీ ఉంది. డబ్బాలో పది కిలోల గోధుమపిండి ఉంది. లేనిది ఈస్టు. ఊరంతా ఒక్కసారిగా బేకరీ పెట్టినట్టు సూపర్‌మార్కెట్లలో అది మాయమైంది. పక్క ఫ్లాటువాళ్లు ఇచ్చిన చిన్న పొట్లం, ఆరేడు సార్లకు వస్తుందేమో. అంటే తప్పు చేయడానికి కూడా లెక్క ఉంది.

మొదటిది తప్పే. నాలుగువందల గ్రాముల పిండికి 240 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, చేతికి అంటుకుంటే పొడిపిండి చల్లుతూ, చపాతీ ముద్దలా నున్నగా చేసింది. పొయ్యిలోంచి బయటికి వచ్చింది ఇటుక. కత్తి దిగలేదు. నాన్నగారు వేలితో కొట్టి చూసి, పునాదికి పనికొస్తుందన్నారు. రెండోసారి ఈస్టు ఎక్కువ వేసింది. హైదరాబాద్ ఏప్రిల్ ఎండకు అది గిన్నె దాటి పొంగింది. ఓవెన్‌లో పెట్టగానే నడుము విరిగినట్టు కుంగి, కల్లు వాసన కొట్టింది. మూడోసారి సగం మైదా కలిపింది. ఈసారి దూదిలా వచ్చింది. ఆయన ఒక ముక్క నోట్లో పెట్టుకుని, ''ఇందులో ఏముంది?'' అనడిగారు. అబద్ధం చెప్పలేకపోయింది. రెండో ముక్క ఆయన ముట్టలేదు. ఈస్టు పొట్లం సగానికి వచ్చింది.

నిజానికి ఆమెకు అడ్డుపడింది పిండి తెలియకపోవడం కాదు, తెలియడం. ఇరవై ఏళ్లుగా చపాతీలు చేస్తున్న చేతికి ఒకటే కొలమానం: ముద్ద అంటుకోకూడదు. బ్రెడ్డు ముద్ద అంటుకోవాలి, గోధుమపిండి బ్రెడ్డయితే మరీను. చక్కీలో రాతి మధ్య నలిగిన పిండిలో గంజి రేణువులు బాగా చితుకుతాయి. అలా చితికిన రేణువులు నీళ్లు విపరీతంగా తాగుతాయి. తవుడు ఇంకా తాగుతుంది, కాకపోతే నిదానంగా. కలిపిన వెంటనే జారుడుగా ఉన్న ముద్ద అరగంటకు గట్టిపడటం అందువల్లే. గ్లూటెన్ అనే సాగే జిగురు ఈస్టు వదిలిన గాలిని పట్టి ఉంచితేనే బ్రెడ్డు లేస్తుంది. నానని తవుడు పలుకులు ఆ జిగురు పొరలను గీరి చింపుతాయి, గాలి తప్పించుకుంటుంది. మైదాలో తవుడు లేదు కాబట్టి ఆ తంటా లేదు. మైదా కోసం రాసిన కొలతల్లో పేరు మార్చి గోధుమపిండి పోస్తే ఇటుకే వస్తుంది.

మందు తేలికే. నీళ్లు పెంచాలి, ఆగాలి. పిండి, నీళ్లు మాత్రమే కలిపి అరగంట వదిలేయాలి, పిసకడం తర్వాత. ఫ్రాన్సులో రేమండ్ కాల్వెల్ అనే బేకరీ ఆచార్యుడు 1970లలో ఈ ఆగడాన్నే ఒక పద్ధతిగా ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన ఉద్దేశం వేరు, మరీ ఎక్కువ పిసికితే బ్రెడ్డు రుచి పోతుందని. తవుడు నానడం గోధుమపిండికి దక్కిన కొసరు. నాలుగో బ్రెడ్డు అలా చేసింది. లేచింది. వేడిమీద మెత్తగానే ఉంది. మర్నాడు పొద్దున పొడిపొడిగా రాలింది. పాలలో ముంచితే గిన్నె అడుగున పిండి తేరింది. చేత్తో పట్టుకుని తినాలన్న ముసలాయన కోరిక సగమే తీరింది.

తరుణోపాయం ఆయన నోటినుంచే వచ్చింది. రాలిన పొడిని వేలితో ఒకచోటికి చేరుస్తూ, ''మీ నాయనమ్మ జొన్నపిండికి ఎసరు పోసేది. చన్నీళ్లతో కలిపితే రొట్టె చెయ్యి కింద పగిలిపోదూ?'' అన్నారు.

జొన్నలో గ్లూటెన్ లేదు, చన్నీళ్లతో ముద్ద నిలవదు. మరిగే ఎసరు పిండిలో పోసి తెడ్డుతో కలిపితే గంజి ఉడికి జిగురవుతుంది. ఆ జిగురే రొట్టెను పట్టి ఉంచుతుంది. రాయలసీమ, తెలంగాణ ఆడవాళ్లకు ఇది పుట్టుకతో వచ్చిన విద్య. జపాన్‌లో బ్రెడ్డు పిండి కొంత తీసి మరిగే నీళ్లు పోసి కలపడాన్ని యుదానె అంటారు. చైనా, తైవాన్‌లలో గంజిలా కాచి కలిపేదాన్ని తాంగ్‌జాంగ్ అంటారు. కిటుకు ఒక్కటే. సుమారు 65 డిగ్రీల వేడికి ఉడికిన గంజి తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పట్టి ఉంచుతుంది, ఓవెన్‌లోనూ అంత తేలిగ్గా వదలదు. అందుకే ఆ బ్రెడ్డు రెండు మూడు రోజులైనా ఎండిపోదు. ఈ పేర్లన్నీ ఆమె ఆ రాత్రి వెతికి తెలుసుకున్నవే. నాయనమ్మ ఎసరు ముందు, ఇంటర్నెట్ తర్వాత.

అయిదో బ్రెడ్డు లెక్క ఇది. మొత్తం పిండి 400 గ్రాములు. అందులోంచి 30 గ్రాములు తీసి, 150 మిల్లీలీటర్ల నీళ్లలో ఉండకట్టకుండా కలిపి, సన్నసెగ మీద గరిటె గీత నిలిచేదాకా కాచింది. చల్లారాక మిగతా పిండి, 190 మిల్లీలీటర్ల గోరువెచ్చని పాలు చేర్చి కలిపి 40 నిమిషాలు మూతపెట్టింది. తర్వాత చెంచాన్నర ఈస్టు, చెంచాన్నర ఉప్పు, ఒక చెంచా బెల్లం పొడి, రెండు పెద్ద చెంచాల నూనె. పది పన్నెండు నిమిషాలు పిసకాలి. ముద్ద చేతికి అంటుతూనే ఉంటుంది. అక్కడే నిగ్రహం కావాలి, పొడిపిండి డబ్బా దగ్గరికి చెయ్యి పోకూడదు. చేతికి నూనె రాసుకోవచ్చు. ముద్ద చిటికెలో సాగదీస్తే తెగకుండా పొరలా వస్తే చాలు.

పొంగే వేళ గడియారాన్ని కాక ముద్దను చూడాలి. వేసవిలో ముప్పావుగంట చాలు, డిసెంబరులో రెండు గంటలైనా పట్టొచ్చు. రెట్టింపయ్యేదాకా ఆగనక్కర్లేదు. గోధుమపిండి జిగురుకు అంత ఓపిక ఉండదు, రెట్టింపుకు కాస్త తక్కువలోనే ఆపాలి. గాలి అణిచి, చుట్టి, నూనె రాసిన తొమ్మిదంగుళాల అచ్చులో పెట్టి, అంచు పైకి కొద్దిగా లేచేదాకా మళ్లీ పొంగనిచ్చింది. ముందే వేడెక్కిన ఓవెన్‌లో 190 డిగ్రీల దగ్గర 35 నిమిషాలు. అచ్చులోంచి తీసి అడుగున తడితే డొల్ల శబ్దం వచ్చింది. పైన కాస్త వెన్న రాసి పల్చటి గుడ్డ కప్పితే ఆవిరికి పైపొర కూడా మెత్తబడుతుంది. పళ్లు లేనివారికి ఇది ముఖ్యం. వేడిగా ఉన్నపుడు కోయకూడదన్నది ఇంట్లో అందరూ అతిక్రమించే నియమం. లోపల గంజి కుదురుకోవడానికి గంటన్నరైనా పడుతుంది, ముందే కోస్తే ముద్దముద్దగా కత్తికి చుట్టుకుంటుంది. ఆ రోజు ఆయన గంటన్నర వంటింటి గుమ్మం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

రెండు ముక్కలు తిన్నారు. చేత్తో పట్టుకుని, పాలు లేకుండా, చిగుళ్లతో నిదానంగా నమిలి. బాగుందని అనలేదు. మూడో ముక్క కోసం చెయ్యి చాపారు.

ఆమె ఇవ్వలేదు. గోధుమ బ్రెడ్డు చక్కెర రోగికి మందేమీ కాదు, ఆ సంగతి ప్యాకెట్ల మీద ఎవరూ రాయరు. రక్తంలో చక్కెరను ఏ ఆహారం ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే 2008 నాటి అంతర్జాతీయ పట్టికల్లో తెల్ల బ్రెడ్డు సగటు సూచీ 75 అయితే, గోధుమ బ్రెడ్డుది 74. పీచు ఎక్కువ, లోపల ఏముందో తెలుసు, లాభం అంతవరకే. రెండు గంటల తర్వాత వేలు గుచ్చి చూస్తే మీటరు కూడా అదే మాట చెప్పింది. రాత్రికి రెండు ముక్కలు, పక్కన పల్చటి ముద్దపప్పు, మెత్తగా ఉడికిన సొరకాయ అని ఒప్పందం కుదిరింది. ఒప్పందాన్ని ఆయన రోజూ కాస్త అటూఇటూ జరపబోయేవారు.

మిగిలిన బ్రెడ్డును ఫ్రిజ్‌లో పెట్టి ఒకసారి పాడుచేశారు. ఆ చల్లదనానికి గంజి తొందరగా బిగుసుకుపోయి బ్రెడ్డు గట్టిపడుతుంది. కోసిన ముక్కల్ని డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, కావలసినపుడు పెనం మీద వెచ్చజేస్తే దాదాపు మొదటి రోజు మెత్తదనం వస్తుంది. పొట్లంలో ఈస్టు అయిపోయేలోగా దుకాణాల్లో మళ్లీ కనిపించింది. క్లినిక్ తెరిచాక కట్టుడు పళ్లు వచ్చాయి, పుల్కాలూ వచ్చాయి. బ్రెడ్డు మాత్రం వారానికి రెండుసార్లు కొనసాగింది. ముద్ద పొంగిందో లేదో వేలితో నొక్కి చూసే పని ఆయనదే, కూతురు చెప్పినా నమ్మేవారు కాదు.

ఆ చలికాలం ఆయనకు నిజంగానే జ్వరం వచ్చింది. రోజులు మంచివి కావు, ఇల్లంతా హడలిపోయింది. పరీక్షలో కొవిడ్ కాదని తేలాక ఆమె ఊపిరి పీల్చుకుని, ఎసరు పోసి చేసిన గోధుమ బ్రెడ్డు రెండు ముక్కలు వేడిపాలతో మంచం దగ్గరికి తెచ్చింది. ఆయన దుప్పటిలోంచి తొంగిచూసి తల అడ్డంగా ఊపారు.

''ఇది వద్దమ్మా. జరమొచ్చింది కదా, కొట్టులో తెల్ల బ్రెడ్డు తెప్పించు.''