అవ్వ ట్రంకు పెట్టె

మీ ఇంట్లో వాన పడితే నిద్రపోని మనిషి ఎవరైనా ఉన్నారా? మా ఇంట్లో అవ్వ ఉండేది. ఫీనిక్స్‌లో మా ఇంటి కప్పు మీద వాన చప్పుడు మొదలైతే చాలు, మంచం దిగి వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చునేది. లైటు వేసేది కాదు. వీధి తలుపు పక్కన ఒక ట్రంకు పెట్టె ఉండేది. అందులో ఇంటి కాగితాలు, తాత ఫోటో, రెండు చీరలు, కొవ్వొత్తుల పొట్లం. దాన్ని ఎవరూ జరపకూడదు. పిల్లలం నవ్వేవాళ్ళం. "అవ్వ వానకు కాపలా కాస్తోంది" అనేవాళ్ళం.

1976కు ముందు అవ్వ డర్బన్‌లో, ఉమ్‌గేని నది ఒడ్డున, టిన్ టౌన్‌లో ఉండేది. పేరులోనే ఉంది, అన్నీ రేకుల ఇళ్ళు. ఆ ఏడాది నది పొంగి ఆ ఇళ్ళను ముంచేసింది. అలా ఇల్లు పోయినవాళ్ళే ఫీనిక్స్‌కు మొదట వచ్చారు. ఇంతవరకు మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రాత్రి ఆమె ఏం చూసిందో ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు.

మనం వరద కథలు బాగానే చెప్పుకుంటాం. 1917లో అదే నది పొంగినప్పుడు 'పడవతన్ సిక్స్'గా పేరుపడ్డ ఆరుగురు జాలరులు పడవ వేసుకుని వెళ్ళి 170 మందికి పైగా కాపాడారు. ఆ కథ మీరూ వినే ఉంటారు. ఒడ్డు చేరిన ఆ మనుషులు తరువాతి వానకు ఎలా నిద్రపోయారో ఆ కథలో ఉండదు.

2022 ఏప్రిల్ 11, సోమవారం. ఆ ఒక్క రోజులో మా చుట్టుపక్కల కొన్ని చోట్ల 300 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. మా వీధి ఇళ్ళ వెనక ఎత్తైన మట్టి గట్టు ఉంది. రాత్రి ఒక చప్పుడు వచ్చింది. లారీ గేరు మార్చినట్టు, కానీ ఆగకుండా. గట్టు జారి మా వంటింటి గోడ దగ్గర ఆగింది. పక్కింట్లో ఆగలేదు. ఆ ఇంటి అంకుల్ వెనక గదిలో పడుకున్నారు. మా ఆయన, వీధిలో మగవాళ్ళు పారలతో తవ్వారు. నేను టార్చి పట్టుకున్నాను. ఆయనను బయటికి తీసేసరికి తెల్లవారింది. ఆయన బతకలేదు. ఆ వరదల్లో 400 మందికి పైగా చనిపోయారని తరువాత వార్తల్లో చెప్పారు. నా కళ్ళ ముందు ఒక్కరే ఉన్నారు.

మొదటి వారం బాగానే ఉన్నాను. నీళ్ళ ట్యాంకర్ దగ్గర వరుసలో నిలబడ్డాను, బురద కడిగాను, గుడి హాల్లో బ్రియాని పొట్లాలు కట్టాను. "ఎంత గట్టి మనిషివి" అన్నారు అందరూ. తరువాత మొదలైంది. రోడ్డు మీద లారీ వెళితే కాళ్ళు కదిలేవి కావు. తడి మట్టి వాసనకు కడుపులో తిప్పేది. కుక్కర్ విజిల్‌కు ఉలిక్కిపడి గిన్నె జారవిడిచాను. ఎక్కువసేపు స్నానం చేసిందని కూతురి మీద అరిచాను. నిజానికి ఆ నీళ్ళ చప్పుడు భరించలేకపోయాను, ఆ మాట చెప్పలేకపోయాను. టార్చి పట్టిన నా చేయి వణకకుండా ఉంటే ఇంకాస్త త్వరగా తవ్వేవాళ్ళేమో అని రాత్రంతా లెక్కలు. అది నిజం కాదని తెలుసు. తెలిసినా ఆ లెక్క ఆగేది కాదు.

ఒక రాత్రి వాన వస్తోంది. వంటింట్లో చీకట్లో కూర్చున్నాను. మా అమ్మాయి మంచినీళ్ళకు వచ్చి లైటు వేసింది. నన్ను చూసింది. తలుపు దగ్గర, ఐడీలు, కాగితాలు సర్ది పెట్టిన బ్యాగును చూసింది.

"అమ్మా, అచ్చం అవ్వలాగే కూర్చున్నావు" అంది.

నాకు నవ్వు రాలేదు.

ఆ వారమే ఒక సోషల్ వర్కర్ దగ్గరికి వెళ్ళాను. ఇది పిచ్చి కాదు, బలహీనత కాదు అని ఆమె చెప్పింది. ప్రమాదం పోయినా శరీరం ఇంకా కాపలా కాస్తోందట. చాలామందికి కొన్ని వారాల్లో అదే తగ్గుతుంది. నెల దాటినా నిద్ర రాకపోతే, రోజూ చేసే పనులు ఆగిపోతే సాయం తీసుకోవాలి. నాకు అప్పటికే రెండు నెలలు దాటింది. సిగ్గుతో వెళ్ళలేదు. పైగా "దేవుడు నిన్ను కాపాడాడు కదా, మర్చిపో" అనేవాళ్ళు. మరి పక్కింటి అంకుల్‌ను?

ఆమె నేర్పిన వాటిలో నాకు బాగా పనికొచ్చింది ఒకటి. భయం పైకి వచ్చినప్పుడు పాదాలు నేలకు ఆనించాలి. ఊపిరి మెల్లగా వదలాలి. కనిపించే ఐదు వస్తువుల పేర్లు చెప్పాలి. ఇంగ్లీషులో చెబితే నోరు చెప్పుకుపోయేది, మనసు గట్టు దగ్గరే ఉండేది. ఒక రాత్రి తెలుగులో చెప్పి చూశాను. తలుపు. కుర్చీ. చెంబు. గడియారం. ఐదోది గోడకు వేలాడుతోంది, పేరు రాలేదు. అవ్వ దానితో పిండి... ఏమనేది? ఏమనేది? "జల్లెడ" అని దొరికేసరికి గుండె దడ తగ్గింది. నవ్వకండి. మనలాగా భాషను మళ్ళీ నేర్చుకునేవాళ్ళకు ఇదొక లాభం. పదం వెతకాలంటే మనసు ఈ గదిలోకి రావాలి.

పక్కింటి ఆంటీ ముఖం చూడలేక చాలా రోజులు తల వంచుకుని గేటు దాటాను. ఒక వాన రాత్రి మెసేజ్ పెట్టాను: "మెలకువగా ఉన్నారా ఆంటీ?" వెంటనే జవాబు వచ్చింది: "టీ పెట్టాను, రా." ఆ రాత్రి ఇద్దరం వరద మాట ఎత్తలేదు. మూడోసారి వెళ్ళినప్పుడు టార్చి సంగతి చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు.

"గురక పెడుతున్నారని నేనే ఆయనను వెనక గదిలో పడుకోమన్నాను" అన్నారు.

ఇద్దరం టీ చల్లారేదాకా కూర్చున్నాం. ఆమె మళ్ళీ వేడి చేశారు. తరువాతి వారం సోషల్ వర్కర్ దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్ళాం.

ఇప్పటికీ గట్టి వానకు లేస్తాను. కానీ లైటు వేసుకుంటాను. బ్యాగు తలుపు దగ్గరే ఉంది. మా అమ్మాయి అందులో ఒక ఫోన్ చార్జర్ కూడా పెట్టింది.