పట్టేటప్పుడు కొరమీను, తినేటప్పుడు పులస

మెడలో కాదు, ఒంటినిండా గొలుసు వేసుకుని తిరిగే చేప ఒకటుందని నాకు యాభై ఏడో ఏట తెలిసింది. ముప్ఫై ఏళ్ల పైబడి బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాను. అందులో చాలాకాలం నగల తాకట్టు అప్పులు చూశాను. గొలుసు కనబడితే చాలు, ఎన్ని గ్రాములుంటుందా అని కన్ను దానంతటదే లెక్క వేస్తుంది. ఆ చేప పేరు చైన్ పికరెల్. బంగారు ఛాయ కలిసిన ఆకుపచ్చని ఒళ్లు, దానిమీద గొలుసు అల్లినట్టు ముదురు గీతలు, కంటికింద కాటుక జారినట్టు ఒక నల్లని చార, బాతు ముక్కులా సాగిన మూతి. ఆ మూతి తెరిస్తే సూదుల్లాంటి పళ్లు.

ఇది మన చెరువుల్లో దొరికేది కాదు. అమెరికా తూర్పు, దక్షిణ భాగాల్లోని మంచినీటి చేప. 2024 జనవరిలో సెలవు పెట్టి మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. అల్లుడు డాక్టరు. వాళ్లుండేది పెద్ద నగరం కాదు, జార్జియా రాష్ట్రంలో దక్షిణపు కొసన ఉన్న వేక్రాస్ అనే చిన్న ఊరు. ఆ ఊరికి దిగువన ఓకిఫినోకీ అనే పెద్ద చిత్తడి ప్రాంతం ఉంది. 1937 నుంచీ అది వన్యప్రాణుల రక్షిత ప్రాంతం. సువానీ, సెయింట్ మేరీస్ అనే రెండు నదులు అక్కడే పుడతాయి. చుట్టుపక్కల వాగుల్లో నీళ్లు పాలు కలపని టీ రంగులో ఉంటాయి. మురికి కాదు, రాలిన ఆకుల రసం. నీళ్లలోనే సైప్రస్ చెట్లు నిలబడి ఉంటాయి. వాటి కొమ్మలనుంచి బూడిదరంగు నాచులాంటిది సన్యాసి జడల్లా వేలాడుతూ ఉంటుంది.

మాది యానాం. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి కాలువ గట్టున వెదురు గెడతో కొరమీనుకి గాలం వేసినవాణ్ణే. బి.కాం. అయింది, ఉద్యోగం వచ్చింది, బదిలీలతో ఊళ్లు మారాయి, గెడ అటకెక్కింది. అక్కడ పక్కింటి పెద్దాయన ఒకరు, రిటైరయినవారు, రోజూ గాలాలు సర్దుకోవడం చూసి నాకు చెయ్యి దురద పుట్టింది. అమ్మాయితో అంటే, "నేనూ వస్తాను నాన్నా" అంది. పదహారేళ్లు దాటినవారికి అక్కడ లైసెన్సు ఉండాలి. ముందు అది తీసుకున్నాను. కాగితం లేకుండా కర్ర పట్టుకుంటే బ్యాంకువాణ్ణి ఎలా అవుతాను?

ఒక సంగతి చెప్పాలి. మా ఆవిడ 2021లో పోయింది. ఆవిడ ఉన్నన్నాళ్లూ మా తండ్రీకూతుళ్ల మధ్య మాటలు నడిపించింది ఆవిడే. తరవాత ఆదివారం ఆదివారం ఫోను. "తిన్నావా నాన్నా?" "తిన్నానమ్మా, మీరు?" "తిన్నాం." అక్కడితో సరి. ఒకే ఇంట్లో ఉన్నా ఆ మొదటి వారం అంతకంటె పెద్దగా పెరగలేదు. గాలం వేసేచోట మాట్లాడకుండా కూర్చోవడం తప్పు కాదు కదా, అదొక సుఖం.

పికరెల్ పట్టడానికి చలికాలమే మంచిది. నీళ్లు చల్లబడితే చాలా చేపలు మందగిస్తాయి, దీనికి మాత్రం ఆకలి తగ్గదు. గట్టువార కలువాకుల కింద, నాచు అంచున, పడిపోయిన మాను పక్కన పుల్లలా కదలకుండా నిలబడి ఉంటుంది. చిన్న చేపో కప్పో ఎదురుగా వచ్చిందంటే బాణంలా దూకుతుంది. మన కొరమీను పద్ధతి కూడా ఇంచుమించు ఇదే. మేము కప్పపిల్లను గాలానికి గుచ్చి గుర్రపుడెక్క సందుల్లో నీటిమీద తాటిస్తూ ఉండేవాళ్లం. పెద్దాయన నాకిచ్చినది గిర్రున తిరిగే రేకు ఎర. దాన్ని నాచు అంచువెంట విసిరి, కొంచెం లాగి, ఒక క్షణం ఆపి, మళ్లీ లాగాలి. ఆ ఆపడంలోనే ఉంది కిటుకు. పళ్లకు నైలాను దారం తెగిపోతుంది కాబట్టి కొసన జానెడు ఉక్కు తీగ కట్టాలి. పట్టాక గాలం తియ్యడానికి పొడుగుమూతి పటకారు వాడాలి, వేళ్లు నోట్లో పెట్టకూడదు.

మూడోరోజు పొద్దున్న అమ్మాయి గాలానికి మొదటిది తగిలింది. ఎర వెనకాలే మా చిన్న పడవ దాకా వచ్చి, మా కళ్లెదుటే కరిచింది. "నాన్నా, నాన్నా!" అని చిన్నపిల్లలా అరిచింది. మూరెడు పైన ఉంది. అక్కడికి నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో హోమర్‌విల్ అనే ఊరుంది. 1961లో అక్కడ పట్టిన 9 పౌండ్ల 6 ఔన్సుల పికరెల్‌ది ప్రపంచ రికార్డు. మన లెక్కలో నాలుగుంపావు కిలోలు. మాది దాని ముందు పిల్ల. అయినా ఆ పూట మాకు అదే రికార్డు.

మొత్తం నాలుగు పడితే రెండు వదిలేసి రెండు ఉంచుకున్నాం. అది చూసి పెద్దాయన ఆశ్చర్యపోయారు. "తింటారా? అంతా ముళ్లే!" అన్నారు. ఆ ప్రాంతంలో దీన్ని జాక్ అంటారు. పట్టడానికి సరదాపడేవారిలో చాలామంది తినడానికి ఇష్టపడరు. వెన్నుముల్లు తీసేసినా కండలో ఇంగ్లీషు అక్షరం 'వై' ఆకారంలో సన్నముళ్లు దాగి ఉంటాయి. నాకు నవ్వొచ్చింది. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే ఊరివాణ్ణి, నాకు ముళ్లు చూపించి భయపెడితే ఎలా? ముల్లు తక్కువని కొరమీనుకి ఎంత ధర ఇస్తామో, ఒళ్లంతా ముళ్లున్న పులసకి అంతకు ఎన్నో రెట్లు ఇచ్చే జాతి మనది.

అల్లుడు మాత్రం డాక్టరు గనక ఒక మాట చెప్పాడు. "మావయ్యగారూ, ఇలాటి నల్లనీళ్లలో వేటాడి తినే చేపల్లో పాదరసం చేరుతుంది. ఎప్పుడైనా ఒకసారి తినొచ్చు, పిల్లాడికి మాత్రం కొంచెమే పెట్టండి." ఏ నీళ్లలో ఏ చేప ఎంత తినవచ్చో అక్కడి ప్రభుత్వమే జాబితా వేస్తుందట. బాగుంది అనుకున్నాను.

వండింది మా అమ్మాయి. ముక్కలు సన్నగా కోసి, వాటి మీద మళ్లీ దగ్గరదగ్గరగా కత్తిగాట్లు పెట్టింది. చింతపండు పులుసు, పచ్చిమిరపకాయలు, బెండకాయలు, పైన ఆవకాయ నూనె. సన్నసెగ మీద గంటలకొద్దీ ఉంచింది. గరిట పెట్టలేదు, గిన్నె రెండు చేతులా పట్టుకుని తిప్పింది. ఆ రోజు ఎవరినీ ముట్టనివ్వలేదు. మర్నాటికి పులుసు ఊరింది. పులుపూ సెగా కలిసి సన్నముళ్లలో చాలావాటిని మెత్తబరిచాయి. పులసకి మా ఆవిడ చేసినట్టే చేసింది. పక్కన నిలబడి నేర్చుకోగా నేనెప్పుడూ చూడలేదు. "ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అంటే, "నేర్చుకోలేదు నాన్నా, రోజూ చూశాను" అంది.

మనవడికి అయిదేళ్లు. ముల్లు తీసి ప్యాకెట్లలో అమ్మే చేప తప్ప ఎరగడు. వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక్కొక్క ముక్కనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, తడిమి చూసి, ముల్లు ఏరి కంచం అంచున పెట్టి, అప్పుడు ముద్ద కలిపి నోట్లో పెట్టింది. మా ఆవిడా అంతే. ముళ్లు కంచం అంచున వరసగా పేర్చేది, ఖాతాలో పద్దులు రాసినట్టు. ఆవిడ పోయాక మా ఇంట మళ్లీ పులస కొనలేదు. వేలకి వేలు పోసి కొన్నా, ఒక్కణ్ణీ కూర్చుని ముళ్లు ఏరుకోవడానికి మనసొప్పలేదు.

అమ్మాయి కంచం వైపు చూసి, నా వైపు చూసింది. "అమ్మ ఎన్ని ముళ్లు తీసిందో కదా నాన్నా, మనకి" అంది. తరవాత చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆవిడ గురించీ, ఆసుపత్రిలో ఆఖరి రోజుల గురించీ, కరోనా రోజుల్లో ప్రయాణం కుదరక అమ్మాయి రాలేకపోవడం గురించీ. మూడేళ్లుగా ఆదివారాల ఫోనులో దొర్లని మాటలన్నీ ఆ రాత్రి దొర్లాయి. పిల్లాడు ఒళ్లోనే నిద్రపోయాడు.

తిరిగి వచ్చాక ఆ ఏడు వరదనీళ్లు దిగగానే యానాం మార్కెట్టులో ఒక పులస కొన్నాను. చిన్నదే. ఫోనులో అమ్మాయి చెబుతుంటే నేనే వండాను. ఉప్పు కాస్త ఎక్కువైంది కానీ తినగలిగాను.

మళ్లీ వెళ్లినప్పుడు మన మట్టిదాక ఒకటి పట్టుకెళ్లాలని ఉంది. స్టీలు గిన్నెలో పులుసుకి ఆ రుచి రాలేదని మా అమ్మాయి అంటోంది. విమానంలో పగలకుండా దాక కట్టుకెళ్లిన అనుభవం మన సభ్యుల్లో ఎవరికైనా ఉంటే, వచ్చే సంచికలో రాయవలసిందిగా కోరుతున్నాను.